షేక్స్పియర్ ప్రదర్శనలు - ప్రేక్షకుల లిఖిత స్మృతులు: భరతుని సిద్ధి లక్షణాల వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

షేక్స్పియర్ నాటకాలను వేదికపై చూసినవారు దినచర్యలలో, లేఖలలో, వ్యాసాలలో తమ అనుభవాలను నమోదు చేశారు. 1599 నుంచి 19వ శతాబ్ది ఆరంభం వరకు ఉన్న అటువంటి కొన్ని సాక్ష్యాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రేక్షకుడు దేనిని గుర్తుంచుకున్నాడు, దేనిని వదిలేశాడు, దేనిని పొరబడ్డాడు అన్న విషయాలను నాట్యశాస్త్రం 27వ అధ్యాయంలోని సిద్ధి, ఘాత లక్షణాలతో అన్వయిస్తుంది. తెలుగు నాటక చరిత్ర రచనలో ప్రేక్షక స్మృతిని ఆధారంగా స్వీకరించే పద్ధతిని చర్చిస్తుంది.

కీలకపదాలు: షేక్స్పియర్, ప్రేక్షకుడు, నాట్యశాస్త్రం, సిద్ధి, అనుభావం, ప్రదర్శన చరిత్ర, పద్యనాటకం.

1. ఉపోద్ఘాతం:

షేక్స్పియర్ గురించి తెలుగులో జరిగిన పరిశోధన చాలావరకు పాఠ్యం చుట్టూ తిరిగింది. అనువాదాల మంచిచెడ్డలు, అనుసరణలలో చేసిన మార్పులు, పాత్రల తులనాత్మక పరిశీలన వంటివి మన సిద్ధాంత గ్రంథాలలో తరచుగా కనిపించే అంశాలు. ముద్రిత పాఠం చేతిలో ఉంటుంది కాబట్టి ఇది సహజమే. అయితే ఈ నాటకాలను మొదట ఎరిగినవారికి ముద్రిత పాఠం లేదన్న సంగతి మరువరాదు. షేక్స్పియర్ 1616లో మరణించాడు. అతని 36 నాటకాల సంపుటం 1623లో వెలువడింది. వాటిలో సగం, అంటే 18 నాటకాలు, అప్పటివరకు అచ్చులో లేవు. 'జూలియస్ సీజర్', 'ట్వెల్త్ నైట్', 'మాక్బెత్', 'ది వింటర్స్ టేల్' ఆ పద్దెనిమిదిలోనివే. 'ఒథెల్లో' ఒక్క ఏడాది ముందు, 1622లో అచ్చయింది.

ఈ వ్యాసంలో మొదట ప్రస్తావించే నలుగురు ప్రేక్షకులు ఈ అయిదు నాటకాలను 1599-1611 మధ్య చూశారు. ఇంటికి వెళ్ళి పుస్తకం తెరిచి సరిచూసుకునే అవకాశం వారికి లేదు. వారు రాసినది కళ్ళూ చెవులూ మిగిల్చినదాని నుంచే. అందువల్ల ఆ నాలుగు చిన్న లిఖితాలు పాఠ్య విమర్శకు అందని విషయాలను పట్టి ఇస్తాయి. పాఠంతో పోల్చి తప్పులు లెక్కపెట్టడం ఒక పద్ధతి. ఆ తప్పులను కూడా ప్రదర్శనకు సాక్ష్యంగా చదవడం మరొక పద్ధతి. ఈ వ్యాసం రెండవదాన్ని అనుసరిస్తుంది.

2. భరతుడు గమనించిన ప్రేక్షకుడు:

రససూత్రం ఉన్న ఆరవ అధ్యాయానికి మన అలంకారశాస్త్ర బోధనలో లభించిన ప్రాచుర్యం 27వ అధ్యాయానికి లభించలేదు. ప్రదర్శన ఫలించిందా లేదా అని నిర్ణయించే సిద్ధులను భరతుడు అక్కడ వివరించాడు. మానుషి, దైవికి అని సిద్ధి రెండు విధాలు. మానుషీ సిద్ధి ప్రేక్షకుల మాటలోనూ దేహంలోనూ వ్యక్తమవుతుంది. చిరునవ్వు, పెద్ద నవ్వు, 'సాధు' అనడం, 'అహో' అనడం, దుఃఖ సన్నివేశంలో 'కష్టం' అనడం వాఙ్మయి. ఒళ్ళు గగుర్పొడవడం, ఆసనం నుంచి లేచి నిలబడడం, పైబట్టలు, ఉంగరాలు విసరడం శారీరి. శబ్దం గాని, కలత గాని, ఉత్పాతం గాని లేక రంగమండపం నిండుగా ఉండడం దైవికి. నటుడు మాటలు మరచిపోవడం, ఆభరణం జారిపడడం, గాలివానలు, గిట్టనివారు చేసే అల్లరి ఘాతాలు.

ఇదంతా శాస్త్రం అనడం కంటే రంగస్థలం పక్కన నిలబడి జనాన్ని గమనించినవాడు రాసుకున్న జాబితా అనడమే సమంజసం. ఎవరికి ఏది నచ్చుతుందో కూడా అదే అధ్యాయంలో ఉంది. యువకులకు శృంగారం, శూరులకు వీర రౌద్రాలు, అర్థపరులకు అర్థం, వృద్ధులకు ధర్మకథలు. ప్రేక్షకుడు ఒకే మూసలోనివాడు కాడన్న స్పృహ భరతునికి ఉంది. వేదికపై పాత్ర సంతోషిస్తే సంతోషించి, శోకిస్తే శోకించి, భయపడితే భయపడేవాడే శ్రేష్ఠ ప్రేక్షకుడని కూడా అతడు చెప్పాడు. ఈ చివరి లక్షణం గారిక్ ప్రదర్శనల చర్చలో అనుకోని విధంగా అక్కరకు వస్తుంది.

3. ముద్రణకు పూర్వం చూసినవారు:

స్విట్జర్లాండులోని బాసెల్ నగరవాసి థామస్ ప్లాటర్ 1599 సెప్టెంబర్ 21న మధ్యాహ్న భోజనం తరువాత రెండు గంటల ప్రాంతంలో థేమ్స్ నది దాటి, గడ్డికప్పు వేసిన నాటకశాలలో మొదటి చక్రవర్తి జూలియస్ సీజర్ కథను చూశాడు. అతని భాష జర్మన్. సుమారు పదిహేనుమంది పాత్రధారులున్నారనీ, చివర ఇద్దరు మగ దుస్తులలో ఇద్దరు ఆడ దుస్తులలో చాలా అందంగా నర్తించారనీ రాశాడు. నిలబడి చూస్తే ఒక పెన్నీ, కూర్చోవాలంటే మరొక పెన్నీ, మెత్తగల ఆసనానికి మూడవ పెన్నీ చెల్లించాలని లెక్క కూడా రాశాడు. ఆంటొనీ ప్రసంగం ప్రస్తావనే లేదు. విషాదాంత నాటకం ముగిశాక నటులు నాట్యం చేసేవారన్న సంగతి సీజర్ నాటక పాఠంలో ఎక్కడా కనిపించదు. హత్యలు, ఆత్మహత్యలు చూసిన ప్రేక్షకుడు నాట్యం చూసి ఇంటికి వెళ్ళేవాడు. మన నాటకాలలో మంగళం పాడే సంప్రదాయం ఎరిగినవారికి ఇది విడ్డూరంగా తోచదు.

జాన్ మానింగ్‌హామ్ లండన్ మిడిల్ టెంపుల్‌లో న్యాయశాస్త్ర విద్యార్థి. 1602 ఫిబ్రవరి 2న అక్కడి విందులో 'ట్వెల్త్ నైట్' చూసి దినచర్యలో కొన్ని వాక్యాలు రాసుకున్నాడు. నాటకం 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను, ప్లాటస్ నాటకాన్ని పోలి ఉందన్నాడు. దొంగ ఉత్తరంతో గృహనిర్వాహకుడిని నమ్మించి వెర్రివాడిని చేసిన ఘట్టం అతనికి బాగా నచ్చింది. యజమానురాలిని మాత్రం వితంతువని రాశాడు. పాఠంలో ఒలీవియా అవివాహిత. సోదరుని మరణానికి దుఃఖంలో ఉంది. ఈ పొరపాటుకు విమర్శకులు ఇచ్చే వివరణలలో సమంజసమైనది ఆహార్యానికి సంబంధించినది. ఒలీవియా పాత్రధారి నల్లని శోకవస్త్రాలలో వచ్చి ఉండాలి. ఆ బట్ట చెప్పినదే మానింగ్‌హామ్ నమ్మాడు. ఆనాటి ఒలీవియా ఎలా కనిపించి ఉంటుందో ఊహించడానికి ఈ పొరపాటు పాఠంకంటే ఎక్కువగా తోడ్పడుతుంది.

వీరందరిలో విస్తారంగా రాసినవాడు సైమన్ ఫోర్మన్. వృత్తి జ్యోతిషం, వైద్యం. 1611లో చూసిన నాటకాల గురించి అతడు కొన్ని పుటలు రాశాడు. ప్రజావ్యవహారంలో పనికివచ్చే నీతులను ఏరుకోవడం తన ఉద్దేశమని శీర్షికలోనే సూచించాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో మరణించాడు. మాక్బెత్ చూసినది 1610 ఏప్రిల్ 20 శనివారమని ఉంది. అయితే ఆ తేదీ శనివారం అయినది 1611లో. కనుక సంవత్సరం రాయడంలో చెయ్యి జారిందని పరిశోధకులు నిర్ణయించారు. ఈ పుటలను 19వ శతాబ్దిలో ప్రకటించిన జాన్ పేన్ కాలియర్ కూటపత్రాల సృష్టికర్తగా అపకీర్తి పొందినవాడు కావడంతో ఇవి కూడా కల్పితాలేమోనని చాలాకాలం అనుమానం ఉండేది. 1947లో జరిగిన పరిశీలనతో అది తొలగిపోయింది.

ఫోర్మన్ మాక్బెత్ కథనంలో మూడు విషయాలు ప్రత్యేకంగా పరిశీలించదగినవి. మొదటిది, విందు ఘట్టం. మాక్బెత్ బాంకో పేరు తలచి పానపాత్ర ఎత్తడానికి లేచి నిలబడగా, బాంకో ప్రేతం వచ్చి అతని వెనుక ఉన్న కుర్చీలో కూర్చుందనీ, తిరిగి కూర్చోబోయి మాక్బెత్ దాన్ని చూశాడనీ రాశాడు. ముద్రిత పాఠంలో ప్రేతం ప్రవేశించి మాక్బెత్ స్థానంలో కూర్చుంటుందన్న రంగసూచన మాత్రమే ఉంది. లేచి నిలబడడం, వీపు వెనుక కుర్చీ నిండడం, వెనుదిరగడం అన్న క్రమం ప్రేక్షకుడు కళ్ళారా చూసినది. ప్రేక్షకులకు ముందు కనిపించి మాక్బెత్‌కు తరువాత కనిపించే ఆ కొన్ని క్షణాల ఎడం వేదికపైనే సాధ్యం. రెండవది, నిద్రలో నడిచే రాణి ఘట్టం. ఆమె లేచి నడిచిందనీ, మాట్లాడి అంతా ఒప్పుకుందనీ, వైద్యుడు ఆ మాటలు రాసుకున్నాడనీ ఫోర్మన్ నమోదు చేశాడు. ఆ వైద్యుడిది చిన్న పాత్ర. నాటకం చూసి వచ్చినవారిలో ఎందరికి గుర్తుంటుంది? ఫోర్మన్‌కు గుర్తుంది, అతడూ వైద్యుడే, రోగుల మాటలు పుటలకు పుటలు రాసుకున్నవాడే. 'వింటర్స్ టేల్'లోనూ అపోలో దైవవాణి అతని దృష్టిలో పడింది. ఎవరి వృత్తి, వయస్సు, స్వభావాలనుబట్టి వారికి నాటకం రుచిస్తుందన్న భరతుని మాటకు ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు.

మూడవది కొంత చిక్కైనది. మంత్రగత్తెలను ఫోర్మన్ మంత్రగత్తెలనలేదు. దేవతలో వనకన్యలో అన్నట్లుగా రాశాడు. మాక్బెత్, బాంకో అడవిలో గుర్రాలపై వచ్చారన్నాడు. గ్లోబ్ వేదికపైకి గుర్రాలు వచ్చాయనుకోవడం కష్టం. షేక్స్పియర్‌కు ఆధారమైన హోలిన్షెడ్ చరిత్ర గ్రంథం 1577 ముద్రణలో ఈ ఘట్టానికి ఒక బొమ్మ ఉంది. అందులో ఇద్దరు వీరులూ గుర్రాలపై ఉన్నారు, ఎదుట ముగ్గురు స్త్రీలు మంచి దుస్తులలో నిలబడ్డారు. చూసిన నాటకం, చదివిన గ్రంథం అతని జ్ఞాపకంలో కలిసిపోయి ఉండవచ్చు. కుర్చీ విషయంలో నమ్మిన సాక్షిని గుర్రాల విషయంలో నమ్మలేకపోవడం పరిశోధకుడికి ఇబ్బందే. కానీ సాక్ష్యాన్ని మొత్తంగా స్వీకరించడమో మొత్తంగా తిరస్కరించడమో కాక, వాక్యం వాక్యంగా తూచవలసి ఉంటుంది.

అతడు చెప్పనివాటి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 'వింటర్స్ టేల్' చివర హెర్మయొనీ విగ్రహం ప్రాణం పోసుకునే ఘట్టం ఫోర్మన్ రాతలో లేదు. ఎలుగుబంటి కూడా లేదు. బిచ్చగాళ్ళ వేషంలో మోసగించే ఆటోలికస్‌ను మాత్రం గుర్తుంచుకుని, అటువంటివారిని నమ్మరాదని తనకు తాను హెచ్చరిక రాసుకున్నాడు. 1611 మేలో విగ్రహ ఘట్టం నాటకంలో లేదనీ, తరువాత చేర్చారనీ వాదించినవారున్నారు. ఇది అతివ్యాప్తి. నీతులు ఏరుకునేవాడికి దొంగ పనికివచ్చాడు, విగ్రహం పనికిరాలేదు అని చెప్పుకుంటే సరిపోతుంది.

4. డెస్డెమోనా ముఖం:

1610 సెప్టెంబర్‌లో రాజపోషిత నటబృందం ఆక్స్‌ఫర్డ్‌లో 'ఒథెల్లో' ప్రదర్శించింది. అక్కడి విద్యావంతుడు హెన్రీ జాక్సన్ లాటిన్ భాషలో రాసిన ఒక లేఖలో ఆ ప్రదర్శనను తలచుకున్నాడు. నటులు మాటతోనే కాక చేష్టతో కూడా కన్నీరు తెప్పించారన్నాడు. డెస్డెమోనా మొదటి నుంచీ చక్కగానే నటించినా, చంపబడిన తరువాత శయ్యపై పడి ఉన్నప్పుడు కేవలం ముఖంతోనే ప్రేక్షకుల జాలిని అర్థించిందని భావం వచ్చేలా రాశాడు.

ఈ వాక్యం ఎంత చిన్నదో అంత విలువైనది. ఆ క్షణంలో పాత్రకు సంభాషణ లేదు. కదలిక లేదు. పాఠాన్ని ఎంత నిశితంగా చదివినా శవం ముఖం కనిపించదు. చదువరి దృష్టి అప్పుడు ఒథెల్లో మాటలమీద ఉంటుంది. ప్రేక్షకుడి కళ్ళు మాత్రం పక్కమీదికి పోతాయి. శోకానికి ఆలంబనం ఎదుట నిశ్చలంగా ఉండడమే ఇక్కడ అభినయం. ఇంకొక విశేషం, ఆనాడు స్త్రీ పాత్రలను ధరించినది బాలురు. జాక్సన్‌కు ఆ సంగతి తెలియకపోలేదు. అయినా లేఖలో నటుడిని స్త్రీలింగంలోనే ప్రస్తావించాడు. స్థానం నరసింహారావు వేషాలను గురించి విన్న తెలుగు పాఠకులకు ఈ లింగవ్యత్యయం వెంటనే అర్థమవుతుంది.

ఇదే ఘట్టం యాభై ఏళ్ళ తరువాత మరొక దినచర్యలో కనిపిస్తుంది. 1660 అక్టోబర్ 11న శామ్యూల్ పీప్స్ లండన్‌లో 'ఒథెల్లో' చూశాడు. డెస్డెమోనాకు ఊపిరాడకుండా చేస్తున్నప్పుడు తన పక్కన కూర్చున్న ఒక అందమైన స్త్రీ కేక వేసిందని రాసుకున్నాడు. రంగస్థలంపై స్త్రీలను తాను తొలిసారి చూసినది 1661 జనవరి 3న అని అతడే మరొకచోట రాశాడు కాబట్టి, ఆ కేక ఒక పురుషుని నటన రప్పించినదే. వాఙ్మయీ సిద్ధికి నిదర్శనం పీప్స్‌లో కాక అతని పక్క ఆసనంలో దొరికింది. అతడు నాటకాన్ని ఎంత చూశాడో పక్కవారిని అంత చూశాడు. ప్రదర్శన చరిత్రకు అటువంటివాడు కావాలి.

పీప్స్ అభిరుచి మీద గౌరవం నిలుపుకోవడం మాత్రం కష్టమే. 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'ను జీవితంలో మళ్ళీ చూడనని తీర్మానించుకున్నాడు. అందులోని నాట్యం, అందమైన స్త్రీలు మాత్రం మినహాయింపు. 1662 మార్చి 1న చూసిన 'రోమియో అండ్ జూలియట్' తాను విన్న నాటకాలలో అతి చెడ్డదన్నాడు. నటులందరూ ఎంతో కొంత మాటలు మరచిపోయారని, ఇకమీదట మొదటిరోజు ఆట చూడనని కూడా రాశాడు. ఇది నాటకంపై తీర్పుగా పనికిరాదు. నటగతమైన ఘాతానికి సాక్ష్యంగా చక్కగా పనికివస్తుంది. అతనికి ఎంతో నచ్చిన మాక్బెత్ కూడా షేక్స్పియర్ పాఠం కాదు. పాటలు, నాట్యాలు చేర్చి డావెనంట్ తిరగరాసినది. 'షేక్స్పియర్ నాటకం చూశాను' అన్న ఎవరి మాటనైనా, చూసినది ఏ రూపమని ప్రశ్నించవలసిందేనని దీనివల్ల తెలుస్తోంది.

5. గారిక్ వెనకడుగు:

18వ శతాబ్దిలో హామ్లెట్‌గా డేవిడ్ గారిక్ ప్రేతాన్ని చూసే ఘట్టం ఐరోపా అంతటా ప్రసిద్ధి పొందింది. దాన్ని అందరికంటే సూక్ష్మంగా వర్ణించినవాడు జర్మనీలోని గటింగెన్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు లిష్టెన్‌బెర్గ్. 1774-75లో ఇంగ్లండులో ఉండగా గారిక్‌ను పలుమార్లు చూసి, మిత్రునికి లేఖలు రాశాడు. ప్రయోగశాలలో పరికరాన్ని గమనించినట్లు నటుడి దేహాన్ని గమనించాడు. చలిరాత్రి. హామ్లెట్ చేతులు కట్టుకుని, టోపీ కళ్ళమీదికి లాక్కుని ఉన్నాడు. హొరేషియో ఉలిక్కిపడి చూపించగానే గారిక్ చటుక్కున తిరిగి, అదే క్షణంలో రెండు మూడడుగులు వెనక్కు తూలుతాడు. మోకాళ్ళు సడలుతాయి. టోపీ కింద పడుతుంది. రెండు చేతులూ చాచుకుంటాయి. ఎడమచేయి దాదాపు పూర్తిగా చాచి తల ఎత్తున, కుడిచేయి కొంత వంగి. వేళ్ళు విడివడి ఉంటాయి, నోరు తెరిచి ఉంటుంది. మిత్రులు పట్టుకోకపోతే పడిపోయేవాడే. గారిక్ నోటివెంట మాట రాకముందే తనకు ఒళ్ళు జలదరించిందని లిష్టెన్‌బెర్గ్ రాశాడు. అప్పటికి సభ అంతా గోడమీద గీసిన బొమ్మలలా కదలక మెదలక, సూది పడినా వినిపించేంత నిశ్శబ్దంగా ఉందన్నాడు.

భరతుని రెండు సిద్ధులు ఒకే లేఖలో, ఒకే క్షణంలో కలిసి ఉన్నాయి. ఒళ్ళు జలదరించడం శారీరి. నిండు సభ నిశ్శబ్దం కావడం దైవికి. నిశ్శబ్దాన్ని భరతుడు చప్పట్లకంటే, కేకలకంటే పై మెట్టున ఎందుకు ఉంచాడో ఈ వర్ణన చదివితే బోధపడుతుంది.

ఇదే ఘట్టానికి మరొక ప్రేక్షకుడున్నాడు. అతడు కల్పిత వ్యక్తి. హెన్రీ ఫీల్డింగ్ 1749లో ప్రకటించిన 'టామ్ జోన్స్' నవలలో పార్ట్రిడ్జ్ అనే అమాయకుడు గారిక్ హామ్లెట్‌ను చూడడానికి వెళ్తాడు. ప్రేతం వచ్చినప్పుడు అది నాటకమేనని తెలుసుననీ, అందుకు భయపడననీ అంటాడు. కానీ హామ్లెట్ భయాన్ని చూసి గడగడ వణికిపోతాడు. తరువాత ఎవరి నటన బాగుందని అడిగితే, స్పష్టంగా గట్టిగా మాట్లాడిన రాజు వేషధారిదే అంటాడు. ఆ హామ్లెట్‌దేముంది, దయ్యం కనబడితే ఎవడైనా అలాగే చేస్తాడని అతని వాదం.

ఫీల్డింగ్ ఇది నవ్వించడానికి రాశాడు. రసశాస్త్ర దృష్టితో చూస్తే పార్ట్రిడ్జ్ చెప్పినది అక్షరాలా సరైనది. ప్రేతం విభావం, దానికి అతడు చలించలేదు. గారిక్ దేహంలోని కంపం, వెనకడుగు, తెరచిన నోరు అనుభావాలు, వాటికే చలించాడు. పాత్ర భయపడితే భయపడేవాడు శ్రేష్ఠ ప్రేక్షకుడన్న భరతుని నిర్వచనానికి ఈ పల్లెటూరివాడు సరిగ్గా సరిపోతాడు. కావ్యానుశీలనతో మనోదర్పణాన్ని తుడుచుకున్న అభినవగుప్తుని సహృదయుడు కాకపోయినా, ఇతడు సహృదయుడే. నటన నటనగా కనిపించలేదు గనుకనే దానికి మార్కులు వేయలేకపోయాడు.

6. లాంబ్ ఆక్షేపణ:

ఈ సాక్ష్యాలన్నిటికీ ఎదురు నిలిచే వాదం ఛార్లెస్ లాంబ్ 1811లో రాసిన వ్యాసంలో ఉంది. షేక్స్పియర్ విషాదాంత నాటకాలు ప్రదర్శనకు తగవని, ముఖ్యంగా 'కింగ్ లియర్' వేదికపై ఇమడదని అతని అభిప్రాయం. చదివేటప్పుడు లియర్ మనస్సులోని తుఫాను కనిపిస్తుంది. చూసేటప్పుడు కర్ర పట్టుకుని తూలే ముసలివాడు, కూతుళ్ళు వానలో గెంటేసినవాడు మాత్రమే కనిపిస్తాడని అన్నాడు. పాఠ్యనిష్ఠ విమర్శకు ఇది బలమైన పునాది. మన తరగతి గదులలో నాటకాన్ని కావ్యంగా చదివి ముగించే అలవాటుకు కూడా, తెలిసో తెలియకో, ఇదే సమర్థన.

కానీ లాంబ్ కాలపు ప్రేక్షకుడికి లభించిన లియర్ ఏది? 1681లో నాహుమ్ టేట్ తిరగరాసిన రూపం. అందులో విదూషకుడు లేడు. కార్డీలియా బ్రతికి ఎడ్గార్‌ను పెళ్ళాడుతుంది. లియర్‌కు రాజ్యం తిరిగి వస్తుంది. నూటయాభై ఏళ్ళపాటు వేదికను ఏలినది ఈ సుఖాంతమే. లాంబ్ వ్యాసం రాసిన రోజుల్లో అది కూడా లేదు. మూడవ జార్జి రాజు మతిభ్రమణం కారణంగా 1810-20 మధ్య లియర్‌ను ఆడలేదు. విదూషకుడితో సహా షేక్స్పియర్ లియర్‌ను మాక్రెడీ పునఃప్రతిష్ఠించినది 1838లో. అప్పటికి లాంబ్ మరణించి మూడేళ్ళు దాటింది. టేట్ సుఖాంతాన్ని అతడు కూడా నిరసించాడు. అయితే, ప్రదర్శింపరాదని తీర్పు చెప్పిన నాటకాన్ని అతడు ప్రదర్శనగా చూసే వీలు ఎన్నడూ లేకపోయింది.

అదే వ్యాసంలో లాంబ్ చేసిన మరొక ఒప్పుకోలు అతని వాదాన్నే బలహీనపరుస్తుంది. లేడీ మాక్బెత్ గురించి మాట్లాడుతున్నామనుకుంటాం గాని నిజానికి సిడన్స్‌ను తలచుకుంటూ ఉంటామని అతడు వాపోయాడు. సారా సిడన్స్ 1785 నుంచి లండన్‌లో ఆ పాత్ర ధరించింది. నిద్రలో నడిచే ఘట్టంలో అంతవరకు నటీమణులు కొవ్వొత్తి చేత పట్టుకునే ఉండేవారు. సిడన్స్ దాన్ని కింద పెట్టి, రెండు చేతులతో రక్తం కడుక్కుంటున్నట్లు అభినయించింది. నాటకశాల నిర్వాహకుడు షెరిడన్ ముందే అభ్యంతరపెట్టినా వినలేదు. ఆమెను చూడడం ప్రతివారి జీవితంలోనూ మరపురాని సంఘటన అని హాజ్లిట్ రాశాడు. లాంబ్‌కు ఫిర్యాదైనది హాజ్లిట్‌కు సంపద. చూసినది చదివినదాన్ని కప్పివేస్తుందన్న విషయంలో ఇద్దరికీ భేదం లేదు.

7. భాష తెలియని ప్రేక్షకుడు:

లండన్‌లో గ్లోబ్ నాటకశాలను పునర్నిర్మించి 1997లో తెరిచారు. పగటివెలుగులో, పైకప్పు లేని ముంగిటిలో సుమారు 700 మంది నిలబడి చూసే ఏర్పాటు అక్కడ ఉంది. నటుడికి ప్రేక్షకుడి ముఖం కనిపిస్తుంది. మన వీధినాటకానికి అలవాటైన ఈ సంబంధం, చీకటి హాలులో తెర ఎత్తే నాటకానికి అపరిచితం. 2012 వేసవిలో అదే వేదికపై 37 నాటకాలను 37 భాషలలో ప్రదర్శించారు. ముంబయికి చెందిన కంపెనీ థియేటర్ హిందీలో 'ట్వెల్త్ నైట్' ఆడింది. గుజరాతీ, బంగ్లా, ఉర్దూ కూడా ఉన్నాయి, తెలుగు లేదు. ప్రతి సంభాషణకూ అనువాదం ఇవ్వకుండా, ఘట్టసారాంశం మాత్రమే ఆంగ్లంలో తెరపై చూపారు. 1599లో ప్లాటర్ కూర్చున్న స్థితిలోనే, నాలుగు వందల ఏళ్ళ తరువాత ఆంగ్లేయ ప్రేక్షకులు నిలబడ్డారు.

8. తెలుగు నాటక చరిత్రకు అన్వయం:

షేక్స్పియర్ తెలుగులోకి వచ్చిన తొలి దశ మనకు తేదీలతో తెలుసు. వావిలాల వాసుదేవశాస్త్రి 'సీజరు చరిత్రము' 1876 నాటిది. కందుకూరి వీరేశలింగం 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను 'చమత్కార రత్నావళి'గా మలచి 1880లో రాజమహేంద్రవరంలో తన విద్యార్థులచేత ఆడించారు. రెండు జంటల కవలలపై నడిచే నాటకం అది. కవలలుగా ఎవరెవరు నిలబడ్డారు, ఒకేలా కనిపించడానికి ఏ ఉపాయం పన్నారు, సభ ఎక్కడ నవ్వింది అన్నవి పాఠం చెప్పలేని విషయాలు. మన నాటక చరిత్ర గ్రంథాలు సాధారణంగా కర్త, కృతి, ముద్రణ సంవత్సరం, నాటక సమాజం అన్న వరుసలో సాగుతాయి. ప్రేక్షకుడు వాటిలో 'కరతాళధ్వనులు' అన్న సమాసంగా మాత్రమే దర్శనమిస్తాడు.

1880 నాటి సభను తిరిగి రప్పించడం సాధ్యం కాదు. 1950, 60లలో పద్యనాటకాలు, సురభి నాటకాలు చూసిన వృద్ధులు మాత్రం ఇంకా ఉన్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన ఆ కుటుంబ నాటక సంప్రదాయపు మాయాదృశ్యాలను బాల్యంలో చూసినవారు ఇప్పుడు ఎనిమిదో తొమ్మిదో పదిలో ఉన్నారు. ఈ తరం వెళ్ళిపోతే మిగిలేది కరపత్రాలు, ఛాయాచిత్రాలు, ముద్రిత నాటకాలు. డాక్టరేటు పరిశోధనలో క్షేత్రపర్యటనను జానపద కళలకే పరిమితం చేసే అలవాటు ఇక్కడ నష్టం కలిగిస్తోంది. పద్యనాటక ప్రేక్షకుడు కూడా క్షేత్రమే.

అయితే ఆ ముఖాముఖిలో 'నాటకం ఎలా ఉంది' అని అడిగితే 'అద్భుతం' అన్న జవాబే వస్తుంది. ఫోర్మన్, జాక్సన్, లిష్టెన్‌బెర్గ్ రాతలలో నిలిచినవి కుర్చీ, ముఖం, టోపీ, వేళ్ళు. కాబట్టి ప్రశ్నలు వస్తువులనూ అవయవాలనూ అడగాలి. మీరు ఎక్కడ కూర్చున్నారు? దీపం ఎటువైపు ఉంది? ద్రౌపది వేషగాడి చేతులు మీకు గుర్తున్నాయా? పద్యం ఎత్తుకునే ముందు నటుడు ఎటు తిరిగేవాడు? పక్కనున్నవారు ఏమన్నారు? 'వన్స్ మోర్' ఏ పద్యానికి పడింది, రెండవసారి పాడినప్పుడు రాగాన్ని సాగదీశాడా? ఎవరైనా లేచి నిలబడ్డారా, రూపాయి నోటు పట్టుకుని వేదికవద్దకు వెళ్ళారా? నోటు చదివింపును కొందరు పరిశోధకులు చౌకబారు అలవాటుగా చూస్తారు గాని, వస్త్రాలూ ఉంగరాలూ విసరడాన్ని సిద్ధి లక్షణంగా లెక్కించిన శాస్త్రం మన చేతిలోనే ఉంది.

ఫోర్మన్ గుర్రాల చిక్కు మనకూ తప్పదు. తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాల పద్యాలను వేదికపై విన్నవారే గ్రామఫోన్ రికార్డులలో విన్నారు, తరువాత సినిమాలలో విన్నారు. కృష్ణుడి వేషం తలచుకోగానే మనస్సులో మెదిలే కిరీటం తమ ఊరి చావడి ముందు చూసినదో, వెండితెరమీద చూసినదో చెప్పేవారికే తెలియకపోవచ్చు. దీనికి ఒక ఉపాయం, ఒకే ఊరిలో ఒకే ప్రదర్శన చూసిన ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడిగి, తెరమీద కనిపించే అవకాశం లేని వివరాలను వేరుచేయడం. పెట్రోమాక్స్ దీపం ఆరిపోయిన రాత్రి, వాన వచ్చి ఆట ఆగిన చోటు, మీసం ఊడిన దుర్యోధనుడు, మాట మరచిన భీముడు ఆ కోవలోనివి. భరతుడు ఘాతాలన్నవే ఇక్కడ నమ్మకమైన ఆనవాళ్ళవుతాయి. వాటిని ముందు రాబట్టి, ఆ రాత్రిని గుర్తుకు తెచ్చిన తరువాతనే పద్యాల గురించి, నటుల గురించి అడగడం మేలు.